చెయ్యి సన్నం, బెల్టు పొడుగు

ఇగో చెల్లె, జెర గోడ కాడికి రా. పొద్దుగాల నీ బిడ్డ కోమటి చెరువు కట్ట దిక్కు ఉరుక్కుంట పోతుంటే చూసిన. కాళ్ళు మంచిగనే పడుతున్నయి. చెయ్యే ఆగమాగం ఉన్నది. గా నల్ల గడియారం ఒకపారి మోచేతి దిక్కు ఎక్కుతున్నది, ఒకపారి అరచెయ్యి మీదికి జారుతున్నది. పిల్ల రెండో చేత్తోని దాన్ని ఒత్తి పట్టుకొని ఉరుకుతున్నది. చేతులు రెండూ ఊగకుంటే ఉరుకుడు ముందుకెట్ల సాగుతది చెప్పు?

నవ్వకు. మా ఇంట్ల కూడ ఒకడు కానిస్టేబుల్ కొలువుకు తయారైండు గదా, గీ లెక్కలన్నీ నాకు నోటికే ఉన్నయి. 2022 నోటిఫికేషన్ల మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. అంటే నీ బిడ్డ నూరు మీటర్లకు 40 సెకన్లు దాటొద్దు. 400 మీటర్ల గ్రౌండ్ అయితే ఒక రౌండు 2 నిమిషాల 40 సెకన్లల తిరిగి రావాలె. రౌండు అయిన కాడ ఒక్కసారి చేతి దిక్కు చూస్తే, ఎక్కువైతుందా తక్కువైతుందా అని తెలవాలె. గడియారం చేతి కిందికి తిరిగి ఉంటే ఏం చూస్తది? పైకెళ్ళి వదులుగ ఉన్నదానికి పక్క గుండీ ముంజేతికి ఒత్తుకుంటది. నడుమల స్టాప్ వాచ్ ఆగుతది. ఇగ పిల్ల ఉరికిన ఉరుకుడంతా లెక్కల లేకుంట పోతది.

‘ఆఖరి పొక్కకు పెట్టినం అక్కా, ఇంకేం చెయ్యాలె’ అంటున్నవా? గదే చెప్పొస్తున్న. ఆఖరి పొక్క అంటే కంపెనీ వాళ్ళకు ఆఖరు, మనకు కాదు.

నూలుదారం తెచ్చి పిల్ల మణికట్టు చుట్టు ఒక చుట్టు వేసి కొలువు. పొద్దుగాల చల్లగున్నప్పుడు కాదు, ఉరికొచ్చినంక. వేడికి చెయ్యి జెర ఉబ్బుతది, ఎండకాలం అయితే ఇంకా. నా అందాజ పదమూడు సెంటీమీటర్లకు అటూ ఇటూ వస్తది. పెద్దోళ్ళ కోసం చేసే రెజిన్ బెల్టులు చానా మటుకు పద్నాలుగున్నర చెయ్యి కాడనే ఆగిపోతయి. గా సెంటీమీటరున్నర తేడానే నీ బిడ్డను సతాయిస్తున్నది.

నాకు ఒక్కటి సమజ్ కాదు చెల్లె. కొమురెల్లి జాతరల గాజులాయన కాడికి పోతే ముందుగాల చెయ్యి చూస్తడు. రెండు నాలుగా, రెండు ఆరా, రెండు ఎనిమిదా అని అడిగి గానీ డబ్బ తియ్యడు. రెండు నాలుగు అంటే రెండు ఇంచుల మీద ఇంచుల పదహారో వంతులు నాలుగు. గంత సన్నపు లెక్క. పది రూపాయల గాజుకు గన్ని సైజులున్నయి, వెయ్యి రూపాయల గడియారానికి ఒకటే బెల్టు. మగోళ్ళ చెయ్యికి కొలత తీసి, పొక్కలు వరుసగ కొట్టి, ఆడపిల్లలు కూడ ఇండ్లనే సర్దుకోవాలె అన్నట్టు అమ్ముతరు.

వెనకట గీ తిప్పలు లేకుండె. మా పెండ్లిల మీ బావకు హెచ్‌ఎంటీ గడియారం పెట్టిన్రు. సైకిలు, రేడియో, గడియారం, గీ మూడు లేకుంటే పెండ్లి పెండ్లి లెక్కకు రాని కాలం. 1961 ల బెంగళూరుల జపాన్ సిటిజెన్ కంపెనీతోని కలిసి హెచ్‌ఎంటీ గడియారాలు చేసుడు షురూ చేసింది, మొదటివాటిని నెహ్రూ విడుదల చేసిండు. మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళు కూడ, ఫ్రిజ్‌లు బస్సు బాడీలు చేసెటోళ్ళు, జపాన్ సీకోతోని కలిసి చేతి గడియారాలు తీసిన్రు. ఇగ టైటాన్ అయితే హోసూరుల, మన తెలుగోళ్ళు మస్తుమంది ఉన్న ఊరు. గా గడియారాలకు తోలు బెల్టో, ఇనుప చెయినో ఉంటుండె. చెయిన్ వదులైతే దుకాణపాయన రెండు కడీలు పీకి చేతిల పెడుతుండె. తోలుకైతే చెప్పులు కుట్టే అన్న ఒక పొక్క ఎక్కువ కొడుతుండె. మీ బావకు స్ప్రింగ్ చెయిన్ ఉండె, సాగుతది, ముడుచుకుంటది, మణికట్టు మీది వెంట్రుకలు పీకుతది, గంతే దాని తక్లీఫ్.

గీ రెజిన్ వేరే జాతి. రబ్బరు లెక్క కనిపిస్తది గానీ రబ్బరు కాదు. పాలీయురెథేన్ అంటరు, అచ్చుల పోసిన ప్లాస్టిక్. 1983 ల జపాన్ కంపెనీ కాసియోల కికువో ఇబే అనే ఇంజినీరు జీ-షాక్ అనే గడియారం తీసిండు. వాళ్ళ నాయిన ఇచ్చిన గడియారం కింద పడి పలిగిందని, పది మీటర్ల పైకెళ్ళి పడ్డా పలుగనిది చెయ్యాలని పట్టుకున్నడట. గా గడియారానికి బెల్టు కూడ కాపలానే. డబ్బ పక్కపొంటి గట్టిగ వంపు తిరిగి ఉంటది, కింద పడ్డప్పుడు గడియారం వీపు నేలకు తగలకుంట ఆపుతది. మంచి ఉపాయమే. కానీ గా గట్టి వంపే సన్నపు చేతి మీద రెండు పక్కల రెక్కల్లాగ లేసి నిలబడుతది. మీ బిడ్డ చేతికి రెండు దిక్కుల సందు కనపడుతది చూసినవా, అది పొక్కల తప్పు కాదు, ఆ వంపుది. దాని ముచ్చట ఎన్కకు చెప్త.

గదే కాసియోల 1989 ల వచ్చిన ఎఫ్-91డబ్ల్యూ అని ఒకటున్నది. మన బజార్ల పిల్లల చేతులకు ఎక్కువ కనిపించేది అదీ, దాని నకళ్ళూ. 21 గ్రాములే బరువు. దాని స్టాప్ వాచ్ సెకను నూరో వంతు దాకా చూపిస్తది, 59 నిమిషాల 59 సెకన్ల దాకా నడుస్తది. 800 మీటర్లకు గంతకంటే ఏం కావాలె? అందుకే చేతికి స్మార్ట్ వాచ్ కొనియ్యలేదని పిల్ల అలిగితే నువ్వు బెదరకు. గా స్మార్ట్ వాచ్‌లు కూడ వదులుగ ఉంటే నాడి తప్పు చూపిస్తయి, ఎనక ఆకుపచ్చ లైటు తోలుకు ఆనుకోని ఉంటేనే లెక్క కుదురుతది.

ఇగ పొక్క. ‘మేకు ఎర్రగ కాల్చి గుచ్చితే అయిపాయె’ అని మీ ఆయన అన్నడా? నాకు తెలుసు, సిద్దిపేటల మగోళ్ళందరు గదే చెప్తరు. అది మాత్రం చెయ్యనియ్యకు. కాలిన మేకు ప్లాస్టిక్‌ను కొయ్యది, కరగపెడుతది. కరిగింది పొక్క చుట్టు పెంకు కట్టి గట్టిగైతది. బెల్టు తీసిన ప్రతిసారి, పెట్టిన ప్రతిసారి పొక్క కాడ వంగాలె. మెత్తగున్నది వంగుతది, పెంకు వంగదు, పగుల్తది. గా పగులు అడ్డంగ పోతది. ఒకనాడు గ్రౌండ్‌ల ఉరుక్కుంట ఉండంగనే గడియారం గడ్డిల పడుతది. పొగ వాసన కూడ మంచిది కాదు.

కత్తి మొనతోని చీల్చుడు ఇంకా పాపం. చీలికకు రెండు చివర్లు ఉంటయి కదా, చినుగుడు గా మొనల కాడనే షురూ అయితది. గుండ్రంగ ఉన్న పొక్కకు మొన లేదు, ఒత్తుడు చుట్టూత సమానంగ పోతది. విమానాల కిటికీలు మూలలు లేకుంట గుండ్రంగ చేసుడు కూడ గందుకే. చెప్పులు కుట్టే అన్న ఆరె కూడ వద్దు. ఆరె తోలుకు మంచిది, పక్కకు జరిపి దారం పోనిస్తది. రెజిన్‌ల ఆరె గుచ్చితే లోపలి సరుకు ఎటూ పోదు, మల్ల దగ్గరికొచ్చి పొక్క మూసుకుంటది. ఆ బకిల్ ముల్లును బలవంతంగ దూర్చుకుంట పోతే అక్కడికెళ్ళి చినుగుతది.

కావాల్సింది బోలుగ ఉండే పంచు. తిరిగే తల ఉన్న పంచ్ ప్లయర్ దొరుకుతది హార్డ్‌వేర్ దుకాణంల, బెల్టులకు, బ్యాగులకు వాడేది. దాని తలకు చిన్నవీ పెద్దవీ గొట్టాలుంటయి. గొట్టం సరుకును గుండ్రంగ కోసి బయట పడేస్తది. నా కాడ ఉన్నది, లేస్ పని చేసేటప్పుడు కొన్న. రెండు మిల్లీమీటర్ల గొట్టం మన పనికి సరిపోతది. బకిల్ ముల్లు మందం చూసుకొని, కొట్టేముందుగాల ఒక పాత చెప్పు ముక్క మీద కొట్టి ముల్లు దూర్చి చూడాలె. ఆఫీసుల కాయితాలకు కొట్టే పంచు తేకు, గా పొక్క ఆరు మిల్లీమీటర్లు ఉంటది, గాడిద దూరేటంత.

ప్లయర్ లేకుంటే డ్రిల్ బిట్ ఒక్కటి చాలు, మిషను వద్దు. బెల్టు కింద చెక్క ముక్క పెట్టి, బిట్‌ను వేళ్ళతోని మెల్లగ తిప్పుకుంట దించాలె. మిషను పెడితే రెజిన్ వేడెక్కి బిట్‌కు చుట్టుకుంటది. కొలవాల్సింది ఒక్కటే: ఉన్న పొక్కల నడుమ దూరం స్కేలుతోని చూసి, ఆఖరి పొక్క నుంచి గడియారం దిక్కు గదే దూరం పెట్టాలె. అడ్డంగ కొలిచి సరిగ నడుమ గుర్తు పెట్టాలె, ఒక మిల్లీమీటరు పక్కకు పోయినా బెల్టు వంకరగ కూసుంటది. నల్ల బెల్టు మీద పెన్ను కనపడదు. నా బట్టలు గీసే తెల్ల చాక్ ఇస్త, కడిగితే పోతది.

ఎన్ని కొట్టాలె అంటే, ఒకటి కొట్టి చూడు. సరిపోకుంటే ఇంకొకటి. గంతకు మించొద్దు. ఎందుకంటే చూడు, పొక్కలు ఉండేది పొడుగు ముక్కకు. బకిల్ ఉండే పొట్టి ముక్క పొడుగు మారది. మనం పొడుగు ముక్కను దగ్గరికి గుంజిన కొద్ది బకిల్ చేతి కింద నడుమ ఉండకుంట ఒక పక్కకు ఎక్కుతది. రాసుకునేటప్పుడు బల్లకు ఒత్తుకుంటది, నొస్తది. ఇంకో సంగతి, గడియారం దిక్కు పోయిన కొద్ది బెల్టు దళసరి అయితది, కొన్నిటికి గీతలు, అక్షరాలు పోసి ఉంటయి, అక్కడ పంచు సక్కగ దిగది.

‘గట్లైతే పొట్టి ముక్కనే కోసి అతికిస్తే?’ అంటున్నవు. మంచి సవాలే అడిగినవు. బకిల్ చివరకు, గడియారం చివరకు లోపల సన్నపు సొరంగం ఉంటది. అందుల్నుంచే స్ప్రింగ్ పిన్ను పోతది. అది అచ్చుల పోసేటప్పుడే పడుతది. మనం కోస్తే ఆ సొరంగం పోతది. కొత్తది తవ్వుదామంటే బెల్టు మందమే మూడు మిల్లీమీటర్లు ఉండదు, మిల్లీమీటరున్నర పిన్ను దూర్చితే అటు ఇటు మిగిలేది కాయితమంత. ఇగ నడుమ కోసి ఫెవిక్విక్‌తోని అతికిచ్చుడు గురించి అయితే మాట్లాడకు. అది ఎండితే గాజు లెక్క గట్టిగైతది. వంగే దాని మీద వంగని అతుకు ఎన్ని దినాలు నిలుస్తది? స్టీలు చెయిన్ పొట్టి చేసినట్టు రెజిన్‌ను పొట్టి చెయ్యరాదు, చేతనైంది పొక్క జరుపుడు, తోక తగ్గిచ్చుడు.

తోక అంటే, ఇప్పుడు పొక్క జరిగినంక బయటికి వేలాడే ముక్క. నీకు దాన్ని సర్రున కోసెయ్యాలని ఉంటది. కొయ్యకు. ఒకటి, పిల్ల వారం పది దినాలు పెట్టుకొని ఉరికి చూడాలె. పొద్దున సరిపోయింది మధ్యాహ్నం బిగుసుకుంటది. మణికట్టు మీద ఎముక గుబ్బ ఉంటది చూడు, గడియారం దానికి మోచేతి దిక్కు కూసోవాలె, గుబ్బ మీద కాదు. బెల్టు కింద చిటికెన వేలు కొస దూరాలె. గా కొలత కుదిరినంక సంగతి. రెండోది, నీ చిన్నోడు. ఆడు ఎనిమిదో తరగతి గదా, రేపు గడియారం ఆడిదైతది, ఆని చెయ్యి అక్కలెక్క సన్నగ ఉండది. కోసిన ముక్క మల్ల అతకది. పొక్క అయితే ఎవ్వలికీ అడ్డం రాదు.

తోక వేలాడకుంట ఇంకో లూపు వెయ్యి. పాత బెల్టుల లూపులు డబ్బల పడి ఉంటయి, లేకుంటే గడియారాలు బాగుచేసే ఆయన నడిగితే ఇస్తడు. ఉన్న లూపు ముందట అది ఎక్కిస్తే తోక రెండు కాడ్ల పట్టుకొని ఉంటది, ఊగది.

గట్లనే కొయ్యాల్సే వస్తే, వాడే పొక్క తర్వాత రెండు పొక్కలు వదిలి కొయ్యాలె. రూపాయి బిళ్ళ పెట్టి గుండ్రంగ గీసి, పీట మీద పెట్టి, కొత్త బ్లేడుతోని ఒక్క గుంజుల. కత్తెర రెండు మూడు పార్లు కొరికితే అంచు మెట్లు మెట్లుగ వస్తది, మెట్టు మెట్టుకు చినుగు పుడుతది. గోర్లు రుద్దే దాంతోని అంచు నునుపు చేస్తే బనీను దారాలు గుంజది.

ఇగ ఆ రెక్కల ముచ్చట. బెల్టును గడియారం నుంచి ఇప్పాలె. వీపు దిక్కు బెల్టు చివర సందుల సన్నపు స్క్రూడ్రైవర్ పెట్టి పిన్నును లోపలికి ఒత్తి జరిపితే వస్తది. గడియారాన్ని ప్లాస్టిక్ కవర్ల పెట్టి కవర్ లోపటనే చెయ్యి. ఆ పిన్నుకు లోపల స్ప్రింగ్ ఉంటది, ఎగిరితే అల్మరి కింద కూడ దొరకది. తీసినంక నీళ్ళు కాచి, మసలక ముందే దించి, బెల్టు ముక్కలు కొద్దిసేపు ముంచు. మెత్తపడ్డంక చిన్న గిలాస చుట్టు చుట్టి దారం కట్టి, చల్లనీళ్ళల ముంచు. పూర్తిగ మారది, జెర తలొంచుతది, గంతే. గడియారాన్ని మాత్రం వేడి నీళ్ళల వెయ్యకు తల్లీ. ‘వాటర్ రెసిస్ట్’ అని రాసుంటే తుంపర్లకు ఓర్చుకుంటది అని లెక్క, లోపల సన్నపు రబ్బరు చుట్టు ఉంటది, వేడికి అది ఢీలా అయితది.

మొన్న నువ్వు చూపించిన ఆ స్మార్ట్ వాచ్ బెల్టు అయితే గీ పని చెయ్యకు. అది సిలికాన్, చేతికి వెన్నలెక్క మెత్తగ తగుల్తది, కానీ చిన్న గాటు పడితే సర్రున చినుగుతది. దానికి పొట్టి సైజు కొనుడే. అసలు నన్నడిగితే, నీ బిడ్డ గడియారం బెల్టు పక్కల పగుళ్ళు కనపడితే పొక్క కొట్టుడే దండగ. రెజిన్‌ను తేమ మెల్లమెల్లగ తింటది. చెమట, సెంటు, దోమల మందు క్రీము, అన్నీ దానికి శత్రువులే. పెట్టె అడుగున దాచిపెట్టిన గడియారం కూడ ఏండ్లకు జిగటగ అయి రాలిపోతది, అందుకే దాచుకునుడు కంటే వాడుకునుడే మేలు. ఉరికొచ్చినంక మంచినీళ్ళతోని తుడిచి నీడకు ఆరబెట్టుమను. వంగే కాడ తెల్లగ సన్నపు గీతలు వచ్చినయంటే ఇగ దానికి కాలం మూడినట్టే. అప్పుడు 18 మిల్లీమీటర్ల నైలాన్ పట్టీ అడుగు, గడియారం కిందికెళ్ళి దూరి పోయేది. గా ఎఫ్-91డబ్ల్యూకు అయితే సరిగ కూసుంటది, మిగిలిన వాటికి సందు కొలిచి కొనాలె. నైలాన్ చెమట గుంజుకుంటది, సబ్బుతోని ఉతుక్కోవచ్చు. రెజిన్ అంత సోకు ఉండది, గదొక్కటే.

ఏందీ, ఇప్పుడే కావాలెనా ప్లయర్? సాయంత్రం గ్రౌండ్‌కు పోతదా పిల్ల? ఆగు, కుట్టు మిషను డబ్బల ఉన్నది, చాక్ కూడ తెస్త. కొట్టేటప్పుడు నన్ను పిలువు, మీ ఆయన చేతికి ఇయ్యకు. పని అయినంక మాత్రం అదే గోడ మీదికెళ్ళి నాకు ఇయ్యాలె. పోయిన దసరకు తీసుకపోయిన నిచ్చెన ఇంకా మీ దొడ్లెనే ఉన్నది, నేనేం మర్చిపోలే.